రెండు పాత ఆర్చ్‌టాప్‌లు, ఒక రోహిణి కార్తె

ఆర్చ్‌టాప్ గిటార్‌లో తీగలను మోసే బ్రిడ్జిని అతికించరు. తీగల ఒత్తిడే దాన్ని పట్టుకుని ఉంటుంది. తీగలన్నీ ఒక్కసారి విప్పేస్తే ఊడి చేతికొస్తుంది. కచేరీలో వయొలిన్‌ను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. ఉబ్బెత్తు పైచెక్క, ఎఫ్ ఆకారంలో రెండు రంధ్రాలు, కదిలే గుర్రం (అదే బ్రిడ్జి), చివర తీగల్ని పట్టి ఉంచే టెయిల్‌పీస్, అన్నీ వయొలిన్ పోలికలే. మెడ, మెట్లు (ఫ్రెట్లు) మాత్రం గిటార్‌వి. చర్చి క్వయర్‌లోనో ఆర్కెస్ట్రాలోనో మామూలు అకూస్టిక్ వాయించి, జాజ్ మీద మనసుపడి తొలిసారి ఆర్చ్‌టాప్ కొనబోయేవాళ్ల తప్పుల్లో చాలావాటికి మూలం ఈ పోలిక మరిచిపోవడమే. గిటార్ కొన్నట్టు పాలిష్ చూసి, రెండు కార్డ్స్ వాయించి డబ్బులిచ్చేస్తారు. వయొలిన్ కొన్నట్టు చెక్కను చూడాలి.

విజయవాడ, గుంటూరు మ్యూజిక్ షాపుల్లో గోడకు ఆర్చ్‌టాప్ వేలాడడం అరుదు. కాబట్టి బేరం చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఎవరో వాడి అమ్మేవాటి మీదే. ఫోన్లో నాలుగు ఫొటోలు, ఒక వీడియో చూశాక చివరికి మిగిలేవి తరచు రెండు రకాలు. ఒకటి ఐబనెజ్ ఏఎఫ్75 లాంటిది: ప్లై బాడీ, పైచెక్కను కోసి అందులో బిగించిన రెండు హంబకర్ పికప్‌లు (తీగల అదురును యాంప్లిఫయర్‌కు అందించేవి, హంబకర్ అంటే రెండు చుట్టల రకం). రెండోది ఈస్ట్‌మన్ ఏఆర్805సీఈ లాంటిది: స్ప్రూస్ దిమ్మెను తొలిచి చేసిన పైచెక్క, దాన్ని తాకకుండా గాలిలో తేలే ఒక చిన్న పికప్. కొత్తవైతే రెండింటి ధరకూ పొంతనే ఉండదు. బాగా వాడిన ఈస్ట్‌మన్ ఎక్కడో చిన్న దెబ్బ తిని ధర దిగినప్పుడే ఈ సందిగ్ధం వస్తుంది. అది ఊరిస్తుంది కూడా.

ప్లై అనగానే చాలామంది పెదవి విరుస్తారు. గుమ్మాలకు వాడే ప్లైవుడ్ గుర్తొస్తుంది కాబోలు. 1922లో అమెరికా కంపెనీ గిబ్సన్ ఎల్-5 ఆర్చ్‌టాప్ తెచ్చినప్పుడు యాంప్లిఫయర్ మాట లేదు. బాకాల మధ్య గిటార్ వినబడాలంటే చెక్కే పలకాలి, అందుకే తొలిచిన స్ప్రూస్. 1936లో గిబ్సన్ ఈఎస్-150 పికప్‌తో వచ్చింది. జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ దాన్ని చేతబట్టాక జాజ్‌లో గిటార్ సోలో వాద్యంగా నిలబడింది. దాంతోపాటే కొత్త తలనొప్పీ మొదలైంది. స్పీకర్ శబ్దానికి పైచెక్క అదిరి, ఆ అదురు మళ్లీ పికప్‌లోకి వెళ్లి హోరెత్తడం. 1949 నాటి గిబ్సన్ ఈఎస్-175 పొరల మేపుల్‌తో వచ్చింది. చేయడం చవక, చెక్క బిర్రుగా ఉంటుంది, హోరు తక్కువ. జాజ్ గిటార్ అనగానే చెవిలో మెదిలే ఆ మెత్తని, గుండ్రటి నాదంలో పెద్ద వాటా ఈ ప్లై గిటార్‌దే. జాజ్ గిటారిస్టు జిమ్ హాల్ ఏళ్ల తరబడి వాయించిన ఈఎస్-175 అంతకుముందు మరో గిటారిస్టు హొవార్డ్ రాబర్ట్స్‌ది. అంటే అదీ సెకండ్ హ్యాండ్ ప్లై గిటారే.

అందుకని అమ్మేవారి గదిలో ఏది బాగా మోగిందన్నది కొనడానికి సరిపోయే కొలత కాదు. కొనేవారి గదిలో, వచ్చే మే నెలలో ఏది తన ఆకారంలో నిలబడుతుందన్నదే అసలు లెక్క.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తొలిచిన స్ప్రూస్ పైచెక్క మధ్యలో 5, 6 మి.మీ. మందం, అంచుల వైపు 3 మి.మీ. చిల్లర. చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా దాదాపు కదలదు. గాలిలో తేమ పడిపోతే పైచెక్క అడ్డంగా లాక్కుంటుంది, అంచులను పక్కచెక్కలు జిగురుతో పట్టి ఉంచుతాయి. లాగుడు ఎక్కడో తెగాలి కాబట్టి నార వెంట చీలిక పుడుతుంది. వానాకాలం ఇది తిరగబడుతుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆర్చ్ (పైచెక్క ఉబ్బు) పైకి లేస్తుంది, దానితో బ్రిడ్జీ, తీగలూ లేస్తాయి. ప్లైలో పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉంటుంది కనుక ఒక పొర కదలబోతే పక్క పొర కదలనివ్వదు. కృష్ణా తీరంలో మే మధ్యాహ్నం పడమటి వడగాలికి తేమ ఒక్కసారిగా పడిపోతుంది, పైగా రాత్రంతా ఏసీ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉక్కపోత, తుపాను వానలు. గిటార్‌కు హాయైన తేమ 45 నుంచి 50 శాతం. వేరే ఊళ్లో పొడి గదిలో నిక్షేపంగా ఉన్న తొలిచిన గిటార్ ఆగస్టులో బెజవాడ వచ్చిన రెండు వారాలకే తీగలు ఎత్తుగా అనిపిస్తే అమ్మినవారు మోసం చేసినట్టు కాదు, చెక్క నీళ్లు తాగినట్టు. అయితే మెడ మాత్రం రెండు గిటార్లలోనూ నిఖార్సైన చెక్కే. ఐబనెజ్ కొన్నా ట్రస్ రాడ్ (మెడ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) పనిచేయాల్సిందే.

ఇక చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి. వెంట తీసుకెళ్లాల్సినవి ఆరు: మిల్లీమీటర్ల సన్నని స్టీలు స్కేలు, కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు), పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, టార్చి, మల్టీమీటర్, ఒక కేబుల్.

మొదట మెడ. కాపోను మొదటి మెట్టు మీద పెట్టి, మెడ బాడీని కలిసే మెట్టు దగ్గర ఆరో తీగను (అన్నిటికన్నా లావైనది) నొక్కితే ఏడో మెట్టుకూ తీగకూ మధ్య సన్నని సందు కనబడాలి. అది 0.2, 0.3 మి.మీ. ఉంటే సరి. అర మి.మీ. దాటితే ట్రస్ రాడ్ తిప్పాలి. అమ్మేవారిని అడిగి పావు తిప్పు బిగించి చూడాలి. నట్టు కదిలి, సందు తగ్గితే ప్రాణం ఉన్నట్టే. నట్టు చివరికంటా బిగిసి ఇక తిరగనంటే ఆ గిటార్‌ను అక్కడే వదిలేయడం మేలు.

మెడ సరిచేశాకే పన్నెండో మెట్టు దగ్గర తీగల ఎత్తు కొలవాలి. ఆరో తీగ 2 నుంచి 2.4 మి.మీ., మొదటి తీగ 1.5 నుంచి 1.8 మి.మీ. ఉంటే జాజ్‌కు హాయి. కానీ ఈ అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు. ఎందుకంటే బ్రిడ్జి కింద రెండు చిన్న చక్రాలుంటాయి, వాటిని తిప్పి ఎవరైనా పది సెకన్లలో తీగల ఎత్తు మార్చేయొచ్చు. గిటార్ జాతకం ఆ చక్రాల్లో ఉంటుంది. గిటార్‌ను కళ్ల ఎత్తుకు లేపి పక్కనుంచి చూడాలి. చక్రం మరల మీద ఎక్కడుంది? కిందికి కనీసం 2 మి.మీ. దిగే చోటు, పైకి 2 మి.మీ. ఎక్కే చోటు మిగిలి ఉంటే ఆరోగ్యం. చక్రం అడుగంటా దిగిపోయి ఉండి తీగలు ఇంకా ఎత్తుగా ఉంటే మెడ ముందుకు వంగి కోణం పోయింది. దాన్ని ఆవిరి పట్టి విడదీసి మళ్లీ అతకాలి. ఐబనెజ్‌కు ఆ ఖర్చు పెట్టడం దండగ, ఈస్ట్‌మన్‌కైతే ధరలో కోస్తేనే ఆలోచించాలి. చక్రం బాగా పైకెక్కి, మరలు బోడిగా కనబడుతూ, బ్రిడ్జి ముందుకు వాలి ఉంటే అనుమానించాల్సింది పైచెక్కను. ఆర్చ్ కుంగింది, కుంగినంతా చక్రాలతో పూడ్చారు.

కుంగిందో లేదో తేల్చడానికి స్కేలును బ్రిడ్జికి కాస్త వెనక, ఆర్చ్ మీద అడ్డంగా నిలబెట్టాలి. మంద్ర తీగల వైపు వంపు, సన్న తీగల వైపు వంపు ఒకేలా ఉండాలి. ఒక వైపు చదునుగా, గుంటలా ఉంటే ఆ వైపు లోపలి బద్ద వదులైందేమో చూడాలి. తొలిచిన పైచెక్క కింద పొడవునా రెండు బద్దలుంటాయి, కొన్నింటిలో అవి ఇంటూ గుర్తులా అడ్డంగా దాటుతాయి. టార్చిని ఒక రంధ్రంలోంచి వేసి, రెండో రంధ్రంలోంచి అద్దం దింపితే బద్దకూ చెక్కకూ మధ్య జిగురు గీత కనబడుతుంది. గీత నల్లగా, నీడ పడినట్టుంటే అక్కడ విడిపోయింది. తీగల మీద గుడ్డ వేసి మోగకుండా చేసి, వేలి కణుపుతో పైచెక్కంతా తట్టాలి. పుచ్చకాయ తట్టినట్టు గుమ్మనాలి, ఎక్కడైనా గరగరమంటే అది విడిపోయిన బద్ద గానీ, ఊడిన లైనింగ్ (చెక్కలు కలిసే అంచున లోపల అంటించే పట్టీ) గానీ.

చీలికల గురించి ఒక మాట. ఎఫ్ రంధ్రం కొన నుంచి అంచు వైపు, నడిమి అతుకు వెంట, టెయిల్‌పీస్ కింద, ఈ మూడు చోట్ల వెతకాలి. లోపల చిన్న చెక్క బిళ్లలు అంటించి మూసిన పాత చీలికను చూసి బెదిరిపోనక్కర్లేదు, సరిగ్గా అతికిన చోట మళ్లీ తెగడం తక్కువ. అది బేరానికి పనికొచ్చే మచ్చ మాత్రమే. భయపడాల్సింది వెంట్రుకంత సన్నగా, ఇంకా ఎవరూ ముట్టుకోని కొత్త చీలికకు. అది పెరుగుతోంది. అద్దంలో ఇంకొకటీ చూడాలి: అడుగున పిండిలాంటి పొడి, సూదిమొన బెజ్జాలు. అది పుచ్చు. మన వాతావరణంలో ఏళ్లపాటు పెట్టెలో మూలపడ్డ గిటార్‌కు పుచ్చు, వెల్వెట్‌కు బూజు రెండూ పట్టొచ్చు. పుచ్చు ఉన్న గిటార్‌ను ఇంట్లో వీణ పక్కన పెట్టకపోవడం ఉత్తమం.

మెట్ల సంగతి క్లుప్తంగా: కొత్త మెట్టు ఎత్తు సుమారు 1 మి.మీ. లేదా కాస్త ఎక్కువ. మొదటి అయిదింటిలో గుంటలు పడి 0.6 మి.మీ. కన్నా తగ్గితే మెట్లు మార్చే (రీఫ్రెట్) ఖర్చు ధరలో తగ్గించాలి. జాజ్‌లో తీగను పెద్దగా లాగరు కనుక కాస్త అరిగిన మెట్లు కొంపలేం ముంచవు.

బ్రిడ్జి పాదం కింద పలుచని కాగితం ముక్క దూరిస్తే దూరకూడదు. దూరితే పాదం ఆర్చ్‌కు అమరలేదు, అక్కడే సగం నాదం పోతోంది. ఇది ఇంట్లో సరిచేసుకోగలిగిన లోపం. పైచెక్క మీద బ్రిడ్జి ఉండే చోట 120 నంబరు ఉప్పుకాగితాన్ని గరుకు పైకి వచ్చేలా టేపుతో అంటించి, పాదాన్ని తీగల దిశలో చిన్న చిన్న గీతలుగా రుద్దాలి. తరువాత 220తో నునుపు చేయాలి. తొందరపడి పక్కలకు ఊపితే పాదం అంచులు గుండ్రమై మొదటికే మోసం.

ఇప్పుడు తీగలు. వాడిన ఆర్చ్‌టాప్‌ల మీద తరచు 10 నంబరు (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యో వంతులు పది) రౌండ్‌వౌండ్ సెట్, అంటే గుండ్రటి తీగ చుట్టినది, కనబడుతుంది, మూడో తీగ చుట్టు లేని ఉత్త స్టీలు. జాజ్‌కు పరిపాటి 12 నంబరు ఫ్లాట్‌వౌండ్ (చదునైన రేకు చుట్టినది), అందులో మూడో తీగకు చుట్టు ఉంటుంది. చెక్క బ్రిడ్జి పైభాగంలో ఒక్కో తీగ ఆనే అంచు, చుట్టిన మూడో తీగ లెక్కకు కోసి ఉంటే, ఉత్త తీగ వేసినప్పుడు మూడో తీగ ఒక్కటే పై స్థానాల్లో శ్రుతి తప్పుతుంది. దాన్ని గిటార్ లోపమనుకుని తిరిగొచ్చేసేవాళ్లున్నారు. ఇంకొకటి, నట్‌లోని (మెడ తల దగ్గర తీగలు ఆనే పట్టీలోని) గాడి 10 నంబరుకు కోసి ఉంటే లావు తీగ ఇరుక్కుంటుంది, శ్రుతి చేస్తుంటే టిక్కుమని ఎగురుతుంది. గాడి వెడల్పు చేయడం చిన్న పనే, కానీ ముందే తెలిసి ఉండాలి. 12 నంబరు సెట్ మొత్తం లాగుడు 60 కిలోల పైమాటే. 10తో తీగల ఎత్తు చక్కగా ఉన్న మెడ 12 వేశాక కొంచెం ముందుకొస్తుంది. ట్రస్ రాడ్ తిరుగుతుందో లేదో ముందే చూడమన్నది ఇందుకే.

పికప్‌ల పరీక్షకు మల్టీమీటర్. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, రెండో కొసన ఉన్న జాక్ మొనకూ ఒంటికీ మధ్య కొలిస్తే హంబకర్‌కు మామూలుగా 7 నుంచి 9 కిలో ఓమ్‌లు రావాలి. 500 దగ్గర చూపిస్తే సంబరపడకూడదు. మీటర్ కొలుస్తున్నది వాల్యూమ్ పాట్‌ను (నాబ్ కింద తిరిగే విడిభాగాన్ని), పికప్ చుట్ట లోపల తెగిపోయింది. తరువాత టెయిల్‌పీస్‌కూ జాక్ ఒంటికీ మధ్య కలిపి చూడాలి, బీప్ రావాలి. రాకపోతే లోపల ఎర్త్ తీగ తెగింది. సరైన ఎర్తింగ్ లేని పాత ఇళ్లలో స్పీకర్‌లో వచ్చే ఆ గుయ్‌మనే హమ్ భరించడం కష్టం. ఈస్ట్‌మన్‌లా టెయిల్‌పీస్ చెక్కదైతే ఆ బీప్ ఎలాగూ రాదు, అది లోపం కాదు.

ఐబనెజ్‌లో పాట్ మార్చడం సోల్డరింగ్ తెలిసినవారికి చిటికెలో పని. చిక్కల్లా దాన్ని బయటికి తేవడమే, వెనక మూత ఉండదు, దారి ఎఫ్ రంధ్రం ఒక్కటే. నాబ్ తీసి, చేపల తొట్టి గొట్టాన్ని మూరెడు కోసి పాట్ కాడకు తొడిగి, నట్టు విప్పి లోపలికి వదిలితే పాట్ ఎఫ్ రంధ్రంలోంచి బయటికొస్తుంది, గొట్టం రెండో కొస పైచెక్క బెజ్జంలోనే మిగులుతుంది. పని అయ్యాక గొట్టాన్ని లాగితే పాట్ తన చోటికి తానే వస్తుంది. గొట్టం లేకుండా మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. ఈస్ట్‌మన్‌లో పికప్, వాల్యూమ్ అన్నీ పైచెక్క బయటే, పిక్‌గార్డ్ దగ్గర. ఆ విషయంలో అది హాయి.

హోరు పరీక్ష చాలామంది చేయరు, చేసితీరాలి. యాంప్‌ను గిటార్‌కు మీటరు దూరంలో, ఎదురుగా పెట్టి, బాండులో వాయించే వాల్యూమ్‌కు మెల్లగా పెంచుతూ ఆరో తీగ మీద నాలుగు, అయిదు, ఆరు మెట్లు వాయించాలి. అవి 104, 110, 117 హెర్ట్‌జ్ దగ్గరి స్వరాలు. ఈ సైజు బాడీ లోపలి గాలి పలికే స్థాయి సాధారణంగా ఆ చుట్టుపక్కలే. తొలిచిన గిటార్ అక్కడ వదలకుండా మూలుగుతుంది. ఎఫ్ రంధ్రాల్లో స్పాంజి కుక్కి, యాంప్‌లో బేస్ తగ్గించి, పక్కకు నిలబడితే కొంత సర్దుకుంటుంది. డ్రమ్స్ ఉన్న బాండుకు, రేకుల కప్పు హాలుకు ఆ సర్దుబాటు చాలదు. స్పాంజి కుక్కాక తొలిచిన చెక్క ప్రత్యేకతే పోతుంది, అంత డబ్బు పోసింది దానికేగా.

ఈ లెక్కన తొలి ఆర్చ్‌టాప్‌కు, డ్రమ్స్‌తో వాయించేవారికి, స్కూటర్ మీద గిగ్ బ్యాగులో తిప్పేవారికి, గదిలో తేమ పట్టించుకునే ఓపిక లేనివారికి ఐబనెజ్ రకమే. ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, మెడ దగ్గరి పికప్ మీద టోన్ సగానికి తగ్గిస్తే కావలసిన నాదం అక్కడే ఉంది. ఇంట్లో ఒంటరిగా, యాంప్ లేకుండా రాత్రిళ్లు వాయించేవారికి, గాత్రంతోనో బేస్‌తోనో చిన్న గదిలో కూర్చునేవారికి మాత్రం తొలిచిన స్ప్రూస్ ఇచ్చేది ప్లై ఇవ్వలేదు. గట్టి కేసు, అందులో చిన్న తేమ మీటర్, వానాకాలం సిలికా జెల్, వేసవిలో చిల్లులున్న సబ్బుపెట్టెలో తడి స్పాంజి, ఇవన్నీ ధరలో భాగమే అనుకోవాలి. ఏది కొన్నా అడిగిన ధరలో అయిదో వంతు విడిగా చేతిలో ఉంచుకోవాలి. తీగలు, నట్, సెటప్ దాన్ని తినేస్తాయి.

తెచ్చుకునే దారిలో పాడైనవీ తక్కువేం కాదు. ఎండలో పార్కు చేసిన కారులో వదిలితే లోపలి వేడికి జిగురే మెత్తబడుతుంది. చెన్నై నుంచి పినాకినీ రైల్లో తెచ్చినా, కారులో తెచ్చినా గిటార్ మనుషులతోపాటే ఉండాలి. బయల్దేరే ముందు బ్రిడ్జి పాదానికి రెండు వైపులా పైచెక్క మీద మాస్కింగ్ టేపు గుర్తు పెట్టాలి. పాలిష్ పాతదైతే టేపును ముందు గుడ్డకు అంటించి జిగురు తగ్గించాలి. తీగలు ఒక స్వరం దించితే చాలు, పూర్తిగా వదిలితే బ్రిడ్జి జరిగి పాలిష్ గీసుకుపోతుంది. ఏసీ బోగీలోంచి దిగి ఇంటికి రాగానే కేసు తెరవకూడదు. చల్లటి చెక్క మీద ఉక్కగాలి నీరై పడుతుంది. మూడు నాలుగు గంటలు మూసే ఉంచి, తరువాత తెరిచి శ్రుతి చేసి, పన్నెండో మెట్టు మీద హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మీటిన స్వరం) నొక్కిన స్వరాన్నీ పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు, తక్కువైతే మెడ వైపు వెంట్రుకవాసి జరపాలి. తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చాలి.